వనభోజనము – పంక్తిభేదము

కార్తికమాసము వచ్చినతోడనే గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు మొదలగు పట్టణములనుండి ఆదివారములందు తెల్లవారుజామున బస్సులు బయలుదేరి పడమటి కొండలవైపు సాగిపోవుచుండును. కొన్ని కోటప్పకొండకు పోవును. కొన్ని నాగార్జునసాగరునకును, ఎత్తిపోతలకును పోవును. ఒంగోలు, కనిగిరి ప్రాంతములవారు భైరవకోనకు పోవుదురు. బస్సు ముందుభాగమున ఒక పొడవైన గుడ్డ కట్టియుండును. దానిమీద కార్తిక వనసమారాధన అను మాటకు ముందు పెద్ద అక్షరములతో ఒక కులముపేరు వ్రాసియుండును. ఆ గుడ్డమీది అక్షరములనుగూర్చియే మేము నేడు కొంచెము ముచ్చటింపదలచితిమి.

విహారమును సోమరితనముగా నెంచు పెద్దలు మనలో నింకను గలరు. మే మా పక్షమువారము కాము. నల్లరేగడిలో బ్రదుకువారికి నీడవిలువ తెలిసినట్లు తోటలసీమలవారికి తెలియదు. ప్రత్తిచేలును మిరపచేలును కనుచూపుమేర చదునుగా పరచుకొనియుండును. గట్టుమీద ఒక తుమ్మయో వేపయో కనబడెనా, అదియే భాగ్యము. కూలికి వచ్చిన తల్లి తన బిడ్డకు ఉయ్యెల కట్టునది ఆ కొమ్మకే, మజ్జిగముంత దాచుకొనునది ఆ మొదటనే. మిరపకాయ కల్లములో నెండునప్పుడు ఊరిగాలియే ఘాటెక్కును. ఇట్టి సీమలో పుట్టినవానికి ఏడాదికొక్కసారి పచ్చని కొండను, పడు నీటిని చూడవలెనని కోరిక పుట్టుట విలాసము కాదు. కడుపునకువలెనే కన్నులకును ఆకలి యుండును. ఆ ఆకలి తీర్చుకొనుటకు పోవువానిని తప్పు పట్టువాడు తానెన్నడును మిరపకోతలనాడు చేనిలో నిలువనివాడై యుండును.

ఎత్తిపోతల మాచెర్లకు చేరువ. సాగరు ఆనకట్టనుండి 11 కిలోమీటర్ల దూరము. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అను మూడు ఏరులు కలిసి, ఇంచుమించు 70 అడుగుల ఎత్తునుండి రాతిలోయలోనికి దుముకును. ఆ నీరు పిమ్మట కృష్ణలో కలియును. లోయలో దత్తాత్రేయస్వామికిని మధుమతీదేవికిని గుళ్లున్నవి. క్రింది మడుగు మొసళ్ల నెలవు, కావున నీటిలో దిగు సాహసము కూడదు. ఎదుటిగట్టుమీద నిలిచి చూచుటయే మేలు. యతులు తపస్సు చేసిన తలము గనుక ఈ పేరు వచ్చెనని కొందరు పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. మాకు మాత్రము, ఎవరో ఎత్తి పోసినట్లున్నది గనుక ఎత్తిపోత యన్న పల్లెవాని అర్థమే రుచించును.

ఆ ధార యంతయు వాననీరు కాదని చాలమంది యెరుగరు. సాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన పునాది పడెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితో గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టపొలములు మాగాణులయ్యెను. వాగులు వట్టిపోవు దినములలో ఆ సాగరు కాలువనీటినే ఎగువకు వదలి సందర్శకులకొరకు ధారను నిలుపుచుందురు. అనగా మనము ప్రకృతిసౌందర్యమని చేతులు జోడించునది కొంతవరకు మానవుల కష్టమే. ఆ కట్టకు రాళ్లు మోసినవారు వేలకొలది స్త్రీ పురుషులు. వారు ఏ కులమువారని ఆ నీటిని వాడుకొను రైతు అడుగడు, ధారను చూడవచ్చిన పట్టణవాసియు అడుగడు. అడుగుట తరువాత, విస్తరి వేయునప్పుడు ఆరంభమగును.

కార్తికమున ఉసిరిచెట్టు క్రింద భుజించుట మన ప్రాచీనాచారము. దానికి చెప్పు పుణ్యఫలములమాట యెట్లున్నను, అందులో నొక మంచి యున్నది. ఏడాదిపొడుగున పొగలోనున్న యిల్లాలు ఆ యొక్కనాడు ఆకాశముక్రింద కూర్చుండును. గోడలులేనిచోట మనుష్యులు కొంచెము సులువుగా మాటలాడుకొందురు. వాడకట్టువారందరు కలిసి ఊరి తోటకు పోవుట, బడిపిల్లలను ఉపాధ్యాయులు కొండకు తీసికొనిపోవుట ఈ యాచారముయొక్క సహజరూపములు. వానిలో భేదములు లేవని మేమనము. ఉండెను, ఘోరముగనే యుండెను. వాడలో ఎవరుందురో, బడిలో ఎవరు కూర్చుందురో నిర్ణయించినది కులమే కదా. అయినను పిలుపు కులముపేర పిలువబడలేదు. ఇటీవల కొన్ని దశాబ్దములనుండి జరుగుచున్నది వేరు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క సంఘము, ఆ సంఘమునకు చందాలు, అచ్చువేసిన ఆహ్వానపత్రములు, తోటలో వేదిక, లౌడ్‌స్పీకరు, ఎన్నికలు దగ్గరపడినచో ఆయా పక్షముల నాయకులు, భోజనానంతరము వధూవరుల పరిచయము. ఉసిరిచెట్టు నిమిత్తమాత్రమైనది.

మే మొక కార్తికమున ఇట్టి సమారాధన యొకటి చూచితిమి. అది ఏ కులమువారిదో ఇక్కడ చెప్పము. చెప్పినచో తక్కిన కులములవారందరు తమకు సంబంధము లేదని ఊరడిల్లుదురు. పులిహోర, చక్కెరపొంగలి, గారెలు, గోంగూర, దద్ధ్యోదనము సమృద్ధిగా వడ్డించిరి. అధ్యక్షులు మైకుముందు నిలిచి మనమంతా ఒకటే యని ఉపన్యసించిరి. చప్పట్లు మ్రోగెను. భోజనములైన పిమ్మట ఇద్దరు స్త్రీలు, ఒక ముసలివాడు వచ్చి ఎంగిలి విస్తళ్లు ఎత్తిరి. ఎత్తి, దూరమున కుప్పవేసి, పంక్తులన్నియు లేచినపిమ్మట తమకై విడిచిన గిన్నెలలోని అన్నమును ఆ కుప్పకు చేరువనే కూర్చుండి తినిరి. వారిని ఎవరును కసరలేదు, నొప్పించు మాట యేదియు అనలేదు. ఒక గృహిణి దయతో ఇంకొక గరిటె చక్కెరపొంగలి వేసినది కూడ. మనమంతా ఒకటే యన్న మాటలో వారు లేరన్న సంగతి అచ్చట నెవరికిని, బహుశః వారికిని, వింతగా తోచలేదు. ఆరేడేండ్ల పిల్లవాడొకడు మాత్రము వాళ్లేల అక్కడ తినుచున్నారని తల్లిని అడిగెను. వాళ్లు మనవాళ్లు కారు నాయనా, యని ఆమె చెప్పినది.

మన యను మాటకు అర్థము పిల్లవాడు నిఘంటువులో నేర్చుకొనడు. ఇట్టి చోట్లనే నేర్చుకొనును. బడిలో ఉపాధ్యాయుడు ఏడాదిపొడుగున చెప్పిన సమానత్వపు పాఠము చెట్టునీడ ఒక్క వాక్యముతో కొట్టుకొనిపోవును. పిల్లవానికి ఆ తల్లి అబద్ధము చెప్పలేదు, ద్వేషము నూరిపోయలేదు. తాను విన్నదానినే తిరిగి చెప్పినది. కావుననే ఈ వ్యవహారమును దుర్మార్గుల పనియని త్రోసివేయుటకు వీలులేదు. మంచివారు, మర్యాదస్తులు, మనబోటివారు చేయుచున్న పని యిది.

దీనిని సమర్థించువారు చెప్పు మాటలలో పస లేకపోలేదు. చుట్టములు కలిసికొందురు గదా, తప్పేమి యందురు. చుట్టములు కలిసికొనుటలో తప్పులేదు. కాని నాలుగువేలమంది చుట్టములుండరు. అందరును ఒకరినొకరు తొలిసారి చూచుచున్నవారే. అక్కడ కలిసికొనునది చుట్టరికము కాదు, లెక్క. సంఘము బీదవిద్యార్థులకు జీతములు కట్టుచున్నది, వసతిగృహములు నడపుచున్నది యని మరియొక మాట. అదియు నిజమే. ఆ పుణ్యమునకు మేము నమస్కరింతుము. కాని అదే వీధిలో, అదే తరగతిలో, ఇంకను బీదవాడైన వేరొక బాలుడు ఆ తలుపు తట్టినచో ఏమి జరుగునో అందరకును తెలిసినదే. ఆకలి చూచి పెట్టుటకును, ఇంటిపేరు చూచి పెట్టుటకును భేదము లేదందురా?

అన్నిటికంటె బరువైన ప్రశ్న వేరొకటి యున్నది. తరతరములుగా అణగద్రొక్కబడినవారును తమ కులముపేరనే కూడుచున్నారు గదా, వారినిగూడ ఇట్లే తప్పు పట్టుదురా, యని అడుగుదురు. పట్టము. ఈ సీమలో ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములలో వెదకనక్కరలేదు. 1985 జులై 17వ తేదీన కారంచేడులో త్రాగునీటి చెరువుకడ పుట్టిన తగవు ఆరుగురు మాదిగల హత్యతో ముగిసెను. 1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. ఆ వైరమునకు మొదలు సినిమాహాలులో ఒకనికి కాలు తగులుటయట. రెండు గ్రామములును ఇప్పుడు బాపట్ల జిల్లాలోనివి, అప్పటికి ఒకటి ప్రకాశము జిల్లాలోనిది, ఒకటి గుంటూరుది. చదువరులు ఒక్క విషయము గమనింపవలయును. ఒకటి నీటిగట్టు, ఒకటి వినోదశాల. పొలములో పనిచేయునప్పుడు ప్రక్కప్రక్కన నిలువగలిగినవారు నీరు త్రాగుచోటను, వేడుక చూచుచోటను ప్రక్కప్రక్కన నుండలేకపోయిరి. అట్టి భయములో బ్రదుకువారు ధైర్యముకొరకు ఒకచోట గుమిగూడుటకును, ఆ భయమునకు కారకమైన బలమును కొలుచుకొనుటకై తక్కినవారు గుమిగూడుటకును పేరొక్కటే గాని పని యొకటి కాదు. చలికి నిప్పు రాజవేయుటయు, గడ్డివామికి నిప్పు పెట్టుటయు ఒకటియగునా?

విచిత్రమేమన, ఇదంతయు పలనాటిలో జరుగుచున్నది. ఎత్తిపోతలలో దుముకు చంద్రవంక అంతకుముందు మాచెర్ల ప్రక్కనుండి, చెన్నకేశవస్వామి కోవెలకు చేరువగా ప్రవహించి వచ్చును. ఆ కోవెలతో బ్రహ్మనాయుని పేరు పెనవేసుకొనియున్నది. పండ్రెండవ శతాబ్దమున పలనాటి మంత్రియైన ఆయన అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, అందువలననే దానికి చాపకూడు అను పేరు వచ్చెననియు ప్రసిద్ధి. మాలవాడైన కన్నమదాసును కుమారునివలె చేరదీసి సేనకు నాయకుని చేసెనని వీరగాథలు చెప్పును. గాథలలో ఎంత చరిత్రయో ఎంత కల్పనయో పండితులు తర్కించుకొందురుగాక. ఎనిమిది వందలయేండ్లుగా ఈ సీమవారు తమ వీరుడిట్టివాడని చెప్పుకొనుటకు గర్వపడిరి, అది చాలును. అయితే గర్వపడుట వేరు, చాప పరచుట వేరు. నేడు ఆయన విగ్రహమునకు పూలమాల వేసి, తిన్నగా తన కులపు తోటకు పోయి భోజనము చేయువారిని మేమెరుగుదుము. బ్రహ్మనాయుడు ఏ కులమువాడని వాదులాడుకొనువారినిగూడ ఎరుగుదుము. పాపము, ఆయన చాప చిరిగి, కులమున కొక్క పోగు వచ్చినది.

ఈ వ్యాధి మనకొక్కరికే లేదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున షెనాండోవా యను గొప్ప వనమున్నది. జలపాతములు, కొండత్రోవలు, భోజనములు చేయుటకు చెట్లనీడను బల్లలు గలది. 1936లో దానిని రూజ్వెల్టు అధ్యక్షుడు ప్రజలకు అంకితము చేసెను. కాని ఆ ప్రజలందరును ఒకచోట కూర్చుండరాదు. నల్లవారికై లూయిస్ మౌంటెన్ అను వేరొక చోటు ఏర్పరుపబడెను. అదే కొండ, అదే గాలి, బల్లలు మాత్రము వేరు. 1950 నాటికి ఆ భేదము తొలగింపబడెను. అక్కడ భేదమును పెట్టినది అధికారము గనుక, అధికారము దానిని తీసివేయగలిగినది. ఎత్తిపోతలకడ ఎవరు ఎక్కడ కూర్చుండవలెనో చెప్పు పలక యేదియు సర్కారువారు పాతలేదు. వనము అందరిది, రుసుము అందరికి నొక్కటే. భేదమును మనమే మూటగట్టుకొని బస్సులో తీసికొనిపోవుచున్నాము. కావున దానిని తీసివేయు ఉత్తరువు మన వంటయింటనే పుట్టవలయును.

వంటయిల్లనగానే ఒక మాట. ఈ సమారాధనలలో చాలచోట్ల పురుషులు పేకముక్కలు పంచుకొనుచుండగా స్త్రీలు అడవిలోగూడ పొయ్యిముందే యుందురు. పొయ్యి చోటు మారినది, అంతే. వంటవాండ్రను కుదుర్చుకొనువారి సంఖ్య ఇప్పుడు పెరిగినది గాని, పిల్లలు, పాత్రలు, వడ్డన, సామాను లెక్క ఆమెవే. జలపాతమును వెనుకనుండి విని యింటికి వచ్చిన తల్లు లెందరో! ఇక మోదుగాకు విస్తరి పోయి వచ్చిన ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, సంచుల విషయము. 2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ఇట్టి వస్తువులను దేశమంతట నిషేధించిరి. లోయ అంచున నిలిచి చూచినవారికి ఆ నిషేధము ఎంతవరకు అమలైనదో చెప్పనక్కరలేదు. తన యెంగిలి తా నెత్తుకొనుట నేర్చినవాడు సగము సంస్కర్త యని మా యభిప్రాయము. అది ఎత్తు పని వేరొకరిదని నమ్మినవానికే అడవి చెత్తకుండగా కనబడును.

అయితే ఏమి చేయవలెనని చదువరులు అడుగవచ్చును. అన్ని కులములవారిని పిలిచి పెట్టుదమందురు కొందరు ఉదారులు. ఇక్కడ కొంచెము నిదానింపవలయును. కార్తికమనగా ప్రత్తితీతల కాలము. మన బస్సు పోవు త్రోవకు ఇరుప్రక్కల వంగి ప్రత్తి తీయుచున్న స్త్రీకి ఒక దినము విహారమనగా ఒక దినపు కూలి పోవుటయే. రమ్మనుట మనకు సులభము, వచ్చుట ఆమెకు నష్టము. వచ్చినను, మన చీరలనడుమ, మన మాటలనడుమ ఆమె ఎక్కడ కూర్చుండవలెనో తెలియక ఒక మూల నిలిచినచో, ఆ పిలుపుకంటె పిలువకుండుటయే గౌరవము. అన్నదానము మనకు క్రొత్త గాదు. మన పూర్వులు సత్రములు కట్టించిరి, తద్దినములకు బీదలకు పెట్టిరి. పెట్టువాడు నిలుచుండుట, తినువాడు వంగుట యను పద్ధతి మాత్రము మారలేదు. చాపకూడు అన్నదానము కాదు. అక్కడ నిలుచుండువాడు లేడు.

ఒకసారి మా పరిచయములోని కొన్ని కుటుంబములు, వేర్వేరు కులములవారు, ఒక క్రొత్త యేర్పాటు చేసికొనిరి. వారిలో బడిపంతులొకరు, మిరపయార్డులో బస్తాలు మోయు హమాలీ యొకడు, కుట్టుపని చేయు వితంతువొకతె యుండిరి. ఎవరింటి వంట వారు తెచ్చి నడుమ పెట్టవలెను, అందరును అన్నిటిని తినవలెను, తమ గిన్నెలు తామే కడుగవలెను. ఖర్చు ఎవరి శక్తికొలది వారిది. మొదటినాడు ఏమి జరిగినదో ఉన్నదున్నట్లు చెప్పెదము. పంతులుగారి యింటి పులిహోర ఒక్క ఘడియలో నైపోయినది. హమాలీ భార్య తెచ్చిన జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి మూతపెట్టినవి పెట్టినట్లే యుండెను. ఎవరును వలదనలేదు. కడుపు నిండినదనిరి. ఆమె మూత తీయకయే గిన్నె చెంగుతో తుడుచుకొనుచుండగా, పంతులుగారి తల్లి, డెబ్బదియేండ్లు దాటిన యామె, మడియాచారములలో పెరిగినది, చేయి చాచి, ఒక రొట్టె ఇటు పెట్టవమ్మా, యని అడిగి తినినది. పచ్చడిలో కారము తగ్గినదని వంకకూడ పెట్టినది. అప్పుడు ఆ హమాలీ భార్య నవ్వి, వచ్చేసారి మీకు కన్నీళ్లు తెప్పించకపోతే చూడండి పెద్దమ్మగారూ, యని బదులు చెప్పినది. దయచూపబడిన మనిషి నోట అట్టి జవాబు రాదు.

పెట్టుటలో మనకు గల యుత్సాహము పుచ్చుకొనుటలో లేదు. మన మెందరకు పెట్టితిమని లెక్కించుకొందుము, ఎవరి చేతి వంట తింటిమని ఎన్నడైన లెక్కించితిమా? కుల సమారాధనలను మానుమని వీధులలో అరచినంతమాత్రమున అవి మానవు. వానివెనుక ఓట్లున్నవి, పెండ్లిసంబంధము లున్నవి, పలుకుబడి యున్నది. కాని ఒక వీధిలో నాలుగిండ్లవారు కలిసి, పేరులేని, సంఘములేని, వేదికలేని ఒక వనభోజనము చేసికొనుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఆదివారము గాక, ప్రత్తిచేలకు సెలవుండు దినమేదో కూలివారినే అడిగి ఏర్పరచుకొనవచ్చును. పెద్ద జలపాతమే కావలెనని లేదు. కొండవీడు చాలును, ఊరిబయటి మామిడితోటయైనను చాలును.

ఎత్తిపోతలకే పోవలెనని పిల్లలు పట్టుబట్టినచో, నరసరావుపేటనుండి మాచెర్లకు పోవు త్రోవలో నాగులేటి గట్టుననున్న కారెంపూడిలో ఒక ఘడియ ఆగవచ్చును. అక్కడ కార్తిక అమావాస్యనాడు మొదలుపెట్టి ఐదు దినములు పలనాటి వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని వానికి పేర్లు. మూడవదినమైన మందపోరునాడు ఇప్పటికిని చాపకూడు పెట్టుదురు. ఆ దినము చూచుకొని బయలుదేరువారు ఇంటినుండి ఒక గిన్నె, ఒక చాప వెంట తీసికొనిపోవలయును.